కీ… అన్న కారు, వస్తలేదన్న మామ

ఆ వయసులో, పెద్దవాళ్లకు ముసలితనం వస్తుందని తెలుసుగానీ, అది ఒక్కో అవయవానికి విడివిడిగా, చెప్పాపెట్టకుండా వస్తుందని తెలియదు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో వడ్ల తేమ చూసే ఉద్యోగం. (ట్రాక్టరు ట్రాలీ ఎక్కి, వడ్లు పిడికెడు తీసి, మీటరులో పోసి, రైతు మొహం చూడకుండా అంకె చెప్పడం. ఆ పని చేస్తూ నవ్వినవాణ్ని నేనెవర్నీ చూడలేదు.) ఆ దిగులు పోవడానికి ఒక పాత కారు కొన్నాను. కొన్న మూడో వారానికే అది కీ… అనడం మొదలుపెట్టింది. మిల్లులో హమాలీల దగ్గర్నుంచి గుమాస్తా దాకా అందరూ వచ్చి విన్నారు. ఒకరు బెల్టన్నారు, ఒకరు ఇంజనే పోయిందన్నారు. గుమాస్తా అయితే చావు కబురు చెప్పినట్టు నా భుజం మీద చెయ్యి వేసి, "వచ్చిన కాడికి అమ్మెయ్యి తమ్మీ" అన్నాడు.

మా అమ్మ మాత్రం తప్పంతా నాదేనంది. "మామ చెవిన వెయ్యకుంట కొంటివి. మొత్తుకోదా మరి?" అమ్మ అన్నదాంట్లో న్యాయముంది. మా ఇళ్లలో ఎవరు బండి కొన్నా ముందు కోదాడ మామ వినాలి. ఆయన అమ్మకు అన్న, కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీకి బస్సు నడిపేవాడు. ముప్పై ఏళ్లు స్టీరింగు వదలని మనిషి. పూజ అయినా కాకపోయినా సరే, మామ మాత్రం పక్క సీట్లో కూర్చుని కళ్లు మూసుకుని నాలుగు కిలోమీటర్లు వినాల్సిందే. అంతసేపూ బండిలో ఎవరూ దగ్గకూడదు. తరువాత కళ్లు తెరిచి ఒక్క మాట చెప్పేవాడు. ఆ మాటకు తిరుగులేదు. ఆ పూట ఆ ఇంట్లో కోడికూర. ఒకసారి మా చిన్నాన్న ట్రాక్టరు చప్పుడు ఫోన్లోనే విని రోగం చెప్పాడంటారు. నేనేమో చదువుకున్నవాణ్నన్న పొగరుతో, మామకు చెప్పకుండా కొన్నాను.

తప్పు ఒప్పుకోవడానికి ఒక ఆదివారం కోదాడ వెళ్లాను. మామ దెప్పలేదు. సూర్యాపేటలో తనకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు, దారిలో వింటానన్నాడు. ఎక్కగానే, "ఏసీ బంద్ చెయ్యి. అద్దాలెక్కియ్యి. నువ్వు నోరు మూస్కో" అని కళ్లు మూసుకున్నాడు. హైవే ఎక్కామో లేదో కారు కీ… అని అందుకుంది.

"గిదే మామా, వస్తుంది" అని భుజం తట్టాను. మామ కళ్లు తెరిచి నా వైపు చూశాడు.

"వస్తలేదురా."

"ఇప్పుడు?"

"వస్తలే. బండి బంగారమసోంటిది. నీకే అనుమానం."

నిజం చెప్పొద్దూ, నాకు నా మీదే అనుమానం వచ్చింది. మామ లేదన్నాడంటే ఉండదు. మరి నాకు వినపడుతోందంటే, నా చెవులకే ఏదో జబ్బు చేసింది. (మిల్లు చప్పుడులో పనిచేసేవాళ్లకు చెవులు పోతాయని ఎవరో చెప్పగా విన్నాను.) చిటికెన వేలు ఒక చెవిలో పెట్టి తిప్పుకున్నాను, తరువాత రెండో చెవిలో. ఇంకా పెళ్లి కూడా కాలేదే అని బెంగపడ్డాను. అలా నా చెవుల కోసం నేను ఏడుస్తూ మునగాల దాకా పోయాను. అక్కడ మోటార్ సైకిల్ మీద పోతున్న ఒకాయన నా పక్కకు వచ్చి చెయ్యి ఊపాడు. అద్దం దించాను. "అన్నా, ముందటి టైరు కాడ ఏందో మొత్తుకుంటుంది, సూస్కో!" అని అరిచి వెళ్లిపోయాడు.

"ఏమంటుండు?" అని మామ అడిగాడు. చెప్పాను. మామ నా వైపు తిరిగి కూర్చున్నాడు. తరువాత నెమ్మదిగా, "ఎట్లొస్తుందో నోటితోటి అను" అన్నాడు. నేను కారు నడుపుతూ కీ… కీ… అన్నాను. పక్కకు చూస్తే మామ కళ్లు తెరిచే ఉన్నాయి, అవి నా మూతి మీదున్నాయి. అప్పుడు తెలిసింది నాకు. అంతవరకూ నా కోసం పడ్డ బెంగంతా ఒక్కసారిగా ఆయన మీదికి మళ్లింది.

మామ మాత్రం అడగడం ఆపలేదు. స్పీడు పెంచితే? పెరుగుతుంది. గేరు తీసేస్తే? అప్పుడూ వస్తుంది. "అయితే ఇంజను కాదు, చక్రం. మీ మిల్లు కాడ రోడ్డు ఏస్తుండ్రా?" అవును, పదిహేను రోజులుగా కంకర పరిచి వదిలేశారు. "రాయి ఇరికింది. ఆ దాబా ముంగట జాగ ఉంది, ఆడ పెట్టి రెండు మూడుసార్లు రివర్సు కొట్టు." కొట్టాను. మూడోసారికి చక్రం లోపలి నుంచి గోరంత రాయి కింద పడింది. కారు నోరు మూసింది. నేను దిగి, రాయి చూసి, ఎగిరి గంతేసి మామ వైపు చూశాను. ఆయన సీట్లో నుంచి కదలకుండా, "పోయిందారా?" అన్నాడు. అందరికీ తీర్పులు చెప్పిన మనిషి నన్ను అడుగుతున్నాడు. పోయిందన్నాను.

ఇక సూర్యాపేటతో పని లేదు. దాబాలో చాయ్ తాగుతూ మామ తనే ఎత్తాడు. "ఏడాది సంది గిట్లనే. మూతి సూస్తే మాట తెలుస్తది. ఎనక నుంచి పిలిస్తే తెల్వదు. మొన్న హుజూర్‌నగర్ కాడ ఒక పిల్ల ఆపమని మొత్తుకున్నదంట. నేను ఇంకో స్టేజి దాక పోయిన. తిరిగి సూస్తే బస్సంత నా దిక్కే సూస్తుండ్రు."

"డాక్టరుకు చూపెట్టుకో మామా."

"చూపెడితే కాయితం రాస్తడు. కాయితం వస్తే బస్సు పోతది. బస్సు పోయినంక నేనేందిరా?" అని గ్లాసు కింద పెట్టాడు. "ఎవ్వలకు చెప్పకు. మీ అత్తకు గూడ."

ఒట్టు వేశాను. ఇంతమందిలో నన్నే నమ్మాడని మొదటి రెండు రోజులు కొంచెం పొంగిపోయాను కూడా. (చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.) మూడో రోజు నుంచి ఎనిమిదింటికి అన్నం దిగేది కాదు. అది బస్సు బయల్దేరే టైము. వెనక సీట్లలో ఎంతమంది పిల్లలు, ముందు ఏ లారీ, ఎవరు హారన్ కొడుతున్నారు, అదే ధ్యాస. ఒకే కుప్ప వడ్లకు రెండు అంకెలు చెప్పి ఒక రైతు చేత తిట్లు తిన్నాను. పదకొండో రోజు పొద్దున ఇక ఉండబట్టలేక అత్తకు ఫోన్ చేసి చెప్పేశాను.

అత్త ఆశ్చర్యపోలేదు. "నాకెర్కలేదనుకున్నవా? ఫోను మోగితే తీసి మాట్లాడేది నేనే. ముప్పై ఏండ్లు ఆయన చెవులను పొగుడుకుంటనే బతికినం. ఇప్పుడు అవే పోయినయని నేనెట్ల చెప్పాల బిడ్డా?" అంది. ఆ రాత్రి ఆమె మామతో మాట్లాడింది. మర్నాడు మామ కాలేజీకి వెళ్లి బస్సు తాళాలు ఇచ్చేసి వచ్చాడు.

వారం తరువాత తిట్లు తినడానికి సిద్ధపడి కోదాడ వెళ్లాను. మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ వారంలోనే పదేళ్లు మీద పడ్డట్టున్నాడు. ఎదురుగా కూర్చుని, మూతి కనపడేలా, "ఒట్టు తప్పిన మామా" అన్నాను.

"తప్పుతవనేగా నీకు చెప్పింది" అన్నాడు. "చిన్నప్పటి సంది నీ నోట్ల నువ్వుగింజ నానదు. నా నోటితోటి నేను చెప్పుకోలేక, నీకు చెప్తే సాయంత్రానికల్ల ఊరంత తెలుస్తదనుకున్న. పది రోజులు జేస్తివేందిరా? పొద్దున బస్సెక్కినప్పుడల్ల, ఈడింకా చెప్పలేదా, ఈడింకా చెప్పలేదా అని బిక్కుబిక్కుమనుకుంట నడిపిన."

నేను ఈ జన్మలో దాచగలిగిన రహస్యం అదొక్కటే. పన్నెండేళ్లయింది. కంఠం దాకా వచ్చిన మాటను మింగుకుంటూ, తనెంతో నమ్మకస్తుణ్నని గర్వపడుతూ పది రోజులు తిరిగిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఆ పది రోజులూ బస్సులో కూర్చున్న పిల్లలు గుర్తొచ్చాక ఆగిపోతుంది.