పడవ కింద మా ఆయన, చేతిలో మంటతో మావయ్యగారు

కిందటి వేసవిలో, ఐ.పోలవరం దగ్గర మా తెరచాప పడవను కాలవ గట్టు మీదికి లాగి దుంగల మీద నిలబెట్టాం. అడుగున పేరుకున్న గుల్లలన్నీ గీకేశాం. మళ్ళీ గుల్లలు పట్టకుండా వేసే రంగు ఒకటి ఉంటుంది. గల్ఫులో పడవల షెడ్డులో పనిచేసొచ్చిన మా ఆయన ఆ రంగు వెయ్యడానికని పడవ కిందకి దూరి, నిప్పు తగిలితే భగ్గుమనే థిన్నరుతో అడుగంతా తుడుస్తున్నారు. ఆయన చొక్కా కూడా థిన్నరుతో తడిసిపోయింది.

మా మావయ్యగారిది పాత పద్ధతి. గీకడం అయ్యాక ఎండు కొబ్బరాకులు వెలిగించి అడుక్కి సెగ చూపిస్తే గానీ తారు పూసేవారు కాదు. ఆ అలవాటుతోనే మండుతున్న ఆకులు పట్టుకుని వచ్చేస్తున్నారు!

"మావయ్యగారండీ, వద్దండి" అన్నాను. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయన ముందు గొంతు పెంచి ఎరగను. పైరగాలి హోరులో ఆయనకు వినపడలేదు. ఇంకో నాలుగడుగులు వేస్తే పడవే.

"ఒరేయ్ ముసలోడా, ఆగు!" అని అరిచేశాను.

ఆయన ఠక్కున ఆగిపోయారు. నా మొహం చూసి, ఆకుల్ని కాలవలోకి విసిరేశారు.

సంగతి తెలిశాక, నేను కాళ్ళ మీద పడబోతే వారించారు. "మెల్లిగా అండీ అంటే నాకేం వినపడుద్దమ్మా? నువ్వరిచేవు గాబట్టే నా కొడుకు బతికేడు, ఆయ్" అన్నారు.

ఇప్పటికీ ఆయనతో అండీ అనే మాట్లాడతాను. కాకపోతే, గట్టిగా.