పిన్ని వదిలిన అరంగుళం

మా మనవరాలు ఈ మధ్య కొత్త కుట్టు మిషను కొనుక్కుంది. కరెంటుతో నడుస్తుంది, తొక్కే పని లేదు. ఫోనులో ఎవరో చెబుతుంటే చూసి అతుకుల బొంత కుట్టాలని దాని సరదా. "అమ్మమ్మా, కుట్టుకి క్వార్టర్ ఇంచ్ పక్కా వదలాలట, నై తో గడులు కలవవట" అని నాకే పాఠం చెప్పింది. అంతటితో ఊరుకోక, సామాను గదిలో మూలపడ్డ నా పాత తొక్కుడు మిషను మీద గుడ్డ లాగి, దాని పళ్లెం మీద నల్లబడి అంటుకుపోయిన ప్లాస్టరు ముక్కని చూసింది. గాయాలకి వేసే ప్లాస్టరే. గుడ్డ అంచు దాని వెంట నడిపితే కుట్టు వంకర పోదని నేనే అంటించాను. సూది నుంచి దాని దాకా టేపు పెట్టి కొలిచి, "గలత్ హై అమ్మమ్మా! ఇది హాఫ్ ఇంచ్ ఉంది. టీచరువై ఉండి ఇంత తప్పు ఎలా పెట్టావు?" అంది. తప్పు కాదే అన్నాను. నమ్మలేదు. ఆ అనుమానం గుణం దానికి నా నుంచే వచ్చింది.

నాకది పుట్టుకతో వచ్చింది. ముప్పై ఏళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో పిల్లలకి లెక్కలు చెప్పాను. రెండు పేపర్లలో ఒకే తప్పు కనిపిస్తే ఎవరిని చూసి ఎవరు రాశారో తేల్చేదాకా నాకు అన్నం సయించేది కాదు. చేపలమ్మే ఆవిడ త్రాసు పట్టుకుంటే నా చూపు ముల్లు మీదే. మా వారు "నిన్ను పోలీసుల్లో చేర్చుకోవాల్సింది" అనేవారు. సునామీ వచ్చాక నా జబ్బు ఊరందరికీ పట్టింది. డెలానీపూర్‌లో మా క్వార్టర్ ఎత్తు మీద ఉంది కనుక నీళ్లు మా దాకా రాలేదు గానీ, భూమి మాత్రం నెలల తరబడి కదులుతూనే ఉండేది. అందరం మాట్లాడుతూనే మధ్యలో ఆగి ఫ్యాను వంక చూసేవాళ్లం. అది ఊగితే బయటికి పరుగు. కుక్క మొరిగినా అనుమానమే, మొరగకపోయినా అనుమానమే. జెట్టీ దగ్గర నీళ్లు నిన్నటికన్నా ఎక్కువున్నాయని ఒకరు, తక్కువున్నాయని ఒకరు. ఎక్కువంటే ఎంత భయమో తక్కువంటే అంతకు రెట్టింపు భయం.

ఆ రోజుల్లోనే, సునామీ ఊడ్చేసిన హట్ బే నుంచి వచ్చిన ఓడలో పిన్ని దిగింది. మా అమ్మకి పినతల్లి కూతురు. ఒంటి మీద ఎవరిదో చీర, చేతిలో దిండు గలీబుతో కట్టిన చిన్న మూట. బాబాయి దొరకలేదు. అంతకుమించి ఆవిడ చెప్పలేదు, మేమూ అడగలేదు. మూట మాత్రం పడుకునేటప్పుడు కూడా తల కిందే. మనిషి వచ్చి మూడు నెలలైనా దాని ముడి విప్పగా నేను చూడలేదు. నాలాంటిదాని ఎదుట అలాంటి మూట పెట్టుకుని బతకడం ఎంత ప్రమాదమో పాపం ఆవిడకి తెలియదు.

పిన్ని మామూలు మనిషి కాదు, హట్ బేలో పేరున్న టైలరు. ఇంటి వరండాలో మిషను పెట్టుకుని చుట్టుపక్కల నలభై ఇళ్లకి జాకెట్లు, చొక్కాలు కుట్టేది. ఇంకొకరు రెండు మీటర్లు అడిగేచోట పిన్ని మీటరున్నరతో సరిపెట్టేది. కుట్టుకి పావంగుళమే వదిలేది, దారం కూడా వృథా చేసేది కాదు. అందుకే సాయానికొచ్చిన పాత బట్టలతో బొంతలు కుట్టాలని మా వీధి ఆడవాళ్లం అనుకున్నప్పుడు, నాకు ముందు గుర్తొచ్చింది పిన్నే. ఆ బట్టలు చూడాలి మీరు! చెమటలు కారే మా దీవులకి ఎవరో మహానుభావులు ఉన్ని కోట్లు పంపారు, మఫ్లర్లు పంపారు, ఒక పెళ్లికూతురి లెహంగా కూడా పంపారు. ఇల్లు పోయినవాళ్లకి రేకుల షెడ్లు వేస్తున్నారు. వానలు పడేలోగా కింద పరుచుకోవడానికి బొంతలు కావాలి.

ముక్కలు కోసే పని నాది. నాలుగున్నర అంగుళాల చదరాలు. తొమ్మిది ముక్కలు కలిపితే ఒక గడి. కుట్టు కుట్టుకీ పావంగుళం కచ్చితంగా వదిలితే గడి పన్నెండున్నర వస్తుంది. నలుగురు నాలుగు ఇళ్లల్లో కుట్టినా గడులు ఒకదానికొకటి అతకాలంటే ఆ పావంగుళం తప్పకూడదు. అందరివీ అలాగే వచ్చాయి. పిన్నివి మాత్రం పదకొండున్నర. తిరగేసి చూస్తే ప్రతి కుట్టుకీ అరంగుళం వదిలింది. మిడిల్ పాయింట్ పేట నుంచి వచ్చి మాతో కలిసి కుట్టే ఒక గుమాస్తాగారి భార్య మెల్లగా నా చెవిలో, "దీదీ, ఆంటీకి చెయ్యి పోయినట్టుంది. ఇవి బిల్కుల్ కలవట్లేదు, ఏటి సేద్దాం?" అంది.

చెయ్యి పోలేదు. అరంగుళమైనా గీత గీసినట్టు ఒకే తీరున ఉంది. తెలియక చేసే తప్పు అలా ఉండదు, పేపర్లు దిద్దిన నాకు ఆ మాత్రం తెలుసు. ఇది కావాలని చేసింది. ఎందుకు? అప్పుడే పిన్ని కుట్టే నా మిషను మీద ప్లాస్టరు అంటించాను, పావంగుళానికి. మర్నాడు బడి నుంచి వచ్చి చూస్తే అది పక్కకి జరిగి ఉంది. సరిచేశాను. మళ్లీ జరిగింది. అడిగితే, "ఏటో మరి, ఎండకి జిగురు కరిగుంటాది" అంది, నా మొహం చూడకుండా. పైగా, "కలవనివి పక్కనెట్టినావు కదా, నాకిచ్చెయ్యి" అని ఆ పొట్టి గడులు తీసుకుని మూట పక్కన దొంతర పెట్టుకోవడం మొదలుపెట్టింది. దాంతో నాకు లెక్క తేలిపోయింది. కావాలని పాడుచేసి, పాడయ్యాయని అడిగి, తన సొంతానికి పోగేసుకుంటోంది. సొంత మనిషి ఇంట్లో ఇదేం బుద్ధి అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం పిన్ని షెడ్డు కోసం పేరు రాయించుకోవడానికి వెళ్లింది. నాకు సెలవు. ఇంట్లో ఎవరూ లేరు. మూట విప్పాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, విప్పేముందు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. లోపల ఒకే ఒక్కటి ఉంది. నీలం గళ్ల చొక్కా చెయ్యి. పొడుగు చెయ్యి, మంచి గుడ్డ. చొక్కా లేదు. ఇంకేం, పంచడానికొచ్చిన చొక్కా నుంచి లాగేసిందన్నమాట! భుజం దగ్గర కత్తెర అంచు లేదు, దారాలు వేలాడుతూ పీకిన అంచు ఉంది. అదీ చూశాను. ఎవరూ చూడకుండా తొందరలో పీకి ఉంటుందని అనుకున్నాను. గుడ్డ మీద తెల్లటి ఉప్పు చారలు ఉన్నాయి. అవీ చూశాను. అనుమానం తలకెక్కినవాళ్లకి కళ్లు బాగానే కనిపిస్తాయి, అన్నీ తమకి కావలసినట్టే కనిపిస్తాయి.

ఆ చేతిని ఇస్త్రీ చేశాను. నాలుగు చదరాలు కోశాను. మూలల్లో ఆ నాలుగూ, మిగతా ఐదు తెల్లవీ పెట్టి, పావంగుళానికి ఒక్క నూలుపోగు తేడా రాకుండా గడి కుట్టి, పన్నెండున్నర వచ్చిందని కొలిచి మరీ బల్ల మీద పరిచాను. పిన్ని వచ్చాక ఇదీ పావంగుళమంటే అని చూపించాలని. దొరికిపోయావని నోటితో అనక్కర లేకుండానే తెలిసిపోవాలని.

పిన్ని వచ్చింది, గడి చూసింది. అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను, బుకాయిస్తుందనుకున్నాను. గడిని చేతిలోకి తీసుకుని నీలం ముక్కకీ తెల్లముక్కకీ మధ్య కుట్టుని రెండు బొటనవేళ్లతో పట్టి లాగి చూసింది. మళ్లీ లాగింది.

"ఈ చొక్కా నానే కుట్టినానమ్మా మీ బాబాయికి. చంక దగ్గర పావించే వదిలినాను, గుడ్డ కలిసొస్తాదని. ఆ పొద్దు కొబ్బరిచెట్టుని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఆయన చెయ్యి పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను. కుట్టు ఆగలేదు. చొక్కా చెయ్యి నా దగ్గరుండిపోనాది."

గడిని తిరగేసి కుట్టు చూపిస్తూ మళ్లీ తనే అంది. "ఈ పావించి మీద నాకు నమ్మకం లేదే. ఆ షెడ్లలో పిల్లలుంటారు, ఆళ్ల బొంతకే నా పొట్టి గడులు దాచినాను. లాక్కుంటారు, పీక్కుంటారు. ఊడిపోతే?"

పిన్ని కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. కుట్లు విప్పేస్తానన్నాను. "విప్పితే కోసింది అతుకుతాదేటి?" అని అడిగింది. ఆ మాటలో కోపం లేదు. నిజంగానే అడిగినట్టు ఉంది. నాకు ఇంకా కష్టంగా అనిపించింది. ఆ తర్వాత ఆవిడే మిషను ముందు కూర్చుని ఆ గడి మీద అరంగుళానికి రెండో కుట్టు వేసింది. దాంతో అదీ పదకొండున్నరే అయింది.

మర్నాడు ప్లాస్టరు నేనే పీకి అరంగుళానికి అంటించాను. ముక్కలు అయిదంగుళాలకి కోశాను. అరంగుళం కుట్టులోకి పోయినా ఇక గడులన్నీ కలుస్తాయి. లెక్క ఇంత తేలిక. మొదటి రోజే పిన్నిని కూర్చోబెట్టి ఎందుకని ఒక్క మాట అడిగి ఉంటే అప్పుడే తేలిపోయేది. గుమాస్తాగారి భార్య "గుడ్డ చాలా పడుతోంది దీదీ" అని సణిగింది. పడనీ అన్నాను. నీలం ముక్కల గడి చుట్టూ నా పెళ్లినాటి చీర చింపి పట్టీ అతికి, సైజుకి తెచ్చి, పిన్ని బొంతకి నడిమధ్యన పెట్టాం. ఆ బొంతతోనే పిన్ని షెడ్డుకి వెళ్లింది, తర్వాత హట్ బేలో కట్టిచ్చిన ఇంటికీ వెళ్లింది. పండక్కీ పబ్బానికీ ఓడెక్కి మా ఇంటికి వచ్చేది, నాతో ఎప్పటిలాగే మాట్లాడేది. ఆ మధ్యాహ్నం సంగతి మళ్లీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. క్షమించిందో, ఊరుకుందో నేను తేల్చుకోలేకపోయాను. ఆవిడ పోయాక బొంత నా దగ్గరికి వచ్చింది. అలా పంపమని తనే చెప్పిందట.

మనవరాలికి ఆ బొంత తీసి చూపించాను. గుడ్డ పలచబడింది, నీలం దాదాపు తెల్లబడింది. అది వేళ్లతో కుట్లు లాగి చూసి, ఒక్కటీ వదల్లేదే అని ఆశ్చర్యపోయింది. "మధ్య గడి ఒక్కటే ఎందుకు చిన్నగా ఉంది అమ్మమ్మా?" అని టేపు తీసింది. కొలవకే, అది నేను చేసిన తప్పు అన్నాను. ఇరవై ఏళ్లలో నీలం వెలిసింది, నా జుట్టు వెలిసింది, పిన్ని కూడా లేదు. నా కత్తెర ఆ చొక్కా చేతిని ముట్టిన నిమిషం మాత్రం అప్పుడెంత దగ్గరగా ఉందో ఇప్పుడూ అంత దగ్గరగానే ఉంది.