మా వరండాలో గూడ్సు బండి

మా అమ్మాయికి రాబోయే ఉద్యోగాన్ని నా చెవులతో చెడగొట్టబోయిన కథ చెబుతాను. చేతులతో కాదండీ, చెవులతోనే. నవ్వదలుచుకుంటే ఇప్పుడే మొదలుపెట్టండి, తరవాత తీరిక దొరకదు.

కొన్నేళ్ల కిందటి మాట. శైలజకి ఇంట్లోనే ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ఆ వేసవిలో ఖరగ్‌పూర్‌లోని మా సుభాష్‌పల్లి పేటకి కరెంటు చుట్టంలా వచ్చిపోతోంది.

"జనరేటరు కొనండి. ఒక్కటే మాట, సప్పుడు రాకూడదు," అంది మా ఆవిడ రమణమ్మ.

అప్పటికే ఇరవై ఏళ్లుగా రైల్వే వర్క్‌షాపులో సుత్తి దెబ్బల మధ్య బతుకుతున్న నాకు ఇంజన్ల గురించి ఒకరు చెప్పాలా? అయినా సలహాకుంటాడని, నా పక్కనే సుత్తి కొట్టే అప్పలరాజుని వెంటేసుకుని మలంచా బజారులో ఒక కొట్టుకి వెళ్లాను.

కొట్టు యజమాని, ఒక బెంగాలీ దాదా, ఇనుప డబ్బాలో బిగించిన జనరేటరు చూపించి, "ఏకదమ్ సైలెంట్, దాదా," అన్నాడు.

"డబ్బాలో ఎందుకు దాసినాడు బావా? లోపల ఏటో తేడా ఉంది," అన్నాడు అప్పలరాజు.

నాకూ అదే అనుమానం. ఇంజనన్నాక నట్లూ బోల్టులూ కంటికి కనపడొద్దూ? మూలనున్న, డబ్బా లేని బోసి ఇంజను స్టార్ట్ చేయించాను. కొట్లో జనమంతా చెవులు మూసుకుని రోడ్డు మీదకి పరుగెత్తారు. గాలి కోసం కాబోలనుకున్నాను. దాదా మాత్రం చేతులూపుతూ గొంతు చించుకుంటున్నాడు.

"ఈడెందుకు అరుస్తన్నాడు బావా?" అని నా చెవిలో అరిచాడు అప్పలరాజు.

"మంచి సరుకు పోతందని ఏడుపు!"

"సప్పుడేదీ? పిల్లి గురకలా ఉంది. ఇదే తీసీసుకుందాం!"

ఇంటర్వ్యూ మొదలైన ఐదో నిమిషంలో కరెంటు పోయింది. నేను వీరుడిలా వరండాలోకి దూకి తాడు లాగాను. రమణమ్మ రెండు చేతులూ ఊపుతూ పరుగెత్తుకొచ్చింది. మెచ్చుకుంటోందనుకుని నేనూ ఊపాను.

"పిల్ల మాట పిల్లకే ఇనపడ్డం లేదు! ఆపండి!" అని నా చెవిలో అరిచింది.

"ఆపితే నెట్టు పోద్ది కదే!"

"అయితే ఆపకండి!"

"మరి ఇనపడదన్నావు కదే!"

నిజం చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది. కూతురి ఉద్యోగం కళ్లముందే పోతోంది, ఆపినా పోతుంది, ఆపకపోయినా పోతుంది.

లోపల కంప్యూటర్ తెర మీద ఆఫీసరు, "ఆ శబ్దం ఏమిటమ్మా?" అని అడిగాడట. మా పిల్ల తొణక్కుండా, "ఖరగ్‌పూర్ కదండీ, గూడ్సు బండి పోతోంది," అందట. అయితే అది పోయేదాకా టైపు చేసుకుందామన్నాడట ఆయన. ఆ గూడ్సు నలభై నిమిషాలు పోతూనే ఉంది. పాపం, ప్రశ్నలూ జవాబులూ అన్నీ టైపు మీదే నడిచాయి.

పది రోజులకి ఆ ఆఫీసరే ఫోన్ చేశాడు. ఉద్యోగం వచ్చింది! పెట్టేసే ముందు, "ఇంతకీ ఆ గూడ్సు పోయిందా అమ్మా?" అన్నాడు.

"పోయిందండీ," అంది శైలజ. నిజమే, ఇంటర్వ్యూ మర్నాడే మా జనరేటరు టోటో రిక్షా ఎక్కి, వచ్చిన కొట్టుకే పోయింది.

ఆ రోజే నా రెండు చెవులూ పట్టుకుని ప్రమాణం చేశాను: ఇకమీదట చప్పుడు చేసే వస్తువేదీ, పసిపిల్లల గిలక్కాయైనా సరే, ఈ చెవుల్ని నమ్మి కొనను. రమణమ్మకి మాత్రమే వినపడాలని గుసగుసగా చెప్పాను. వీధి చివరి ఇంటివాళ్లు కూడా బయటికొచ్చి చప్పట్లు కొట్టారు.