బండారి మీద చెయ్యి

నాలుగేళ్లయింది. నార్కట్‌పల్లిలో బస్సెక్కిన ఒక ముసలమ్మ నా పక్కన కూర్చుంది. నుదుటి నిండా పసుపు. అంత ఎండలోనూ గొంగడి కప్పుకొని ఉంది. వెనక సీట్లో ఇద్దరు మగవాళ్లు ఆమెనే చూస్తున్నారు. ఆమె దగ్గితే చాలు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

"వాళ్లెవరవ్వా?" అన్నాను. మాది విజయనగరం. ఇక్కడ అవ్వా అని పిలవాలని అప్పటికే నేర్చుకున్నాను.

"మా మరిది కొడుకులు బిడ్డా. వాళ్ల గొర్రె పోయింది, నేనే తీసిన్నని అన్నరు. తడిబట్టలతోని బీరప్ప గుడికి పోయి, నొసటికి దేవుని పసుపు, గీ బండారి పెట్టుకొని, తియ్యలేదని ప్రమాణం చేసిన. తొమ్మిది దినాలల్ల జరమొస్తే నేనే దొంగ. రాకుంటే సాఫు. గియ్యాల తొమ్మిదోది."

కొంతసేపటికి ఆమె వణకసాగింది. వెనకున్న పెద్దవాడు ముందుకు వంగాడు.

"అమ్మా, మేము ముట్టొద్దు. జర నువ్వు ముట్టి చెప్పు. ఒళ్లు కాలుతాందా?"

నుదుటి మీద చెయ్యి పెట్టాను. పెనంలా కాలుతోంది.

"లేదండీ, చల్లగానే ఉంది," అన్నాను.

ఇద్దరూ నా చేతినే చూశారు. "బండారి మీద చెయ్యి పెట్టి చెప్తాంది. ఇగ సాఫే," అనుకొని తరువాతి స్టేజీలో దిగిపోయారు.

అవ్వ మాత్రం సంతోషించలేదు. పసుపంటిన నా అరచేతిని ఒళ్లోకి తీసుకొని గొంగడి కొసతో తుడిచింది. పోలేదు.

"నేనైతే నిజమే చెప్పిన బిడ్డా," అంది మెల్లగా. "నువ్వెందుకు గట్లన్నవు? గియ్యాల్టి నుంచి నీకు తొమ్మిది దినాలు. పైలం."