గేటువైపు తిరిగిన పాదాలు

బరంపురంలో అంకులి వైపు ఇళ్లు కట్టుకున్న షావుకార్ల కుటుంబాల్లో వాసవీకుమారిగారంటే డైరీ రాసే మామ్మగారని పేరు. పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, క్రితం రోజు ఎవరు ఏ మేలు చేశారో ముందు రాస్తారు. ఆటో అబ్బాయి కొబ్బరికాయల సంచీ లోపలిదాకా మోసి పెడితే అదీ రాస్తారు. తన అభిప్రాయాలు ఆ తరవాత. మిక్సీ పచ్చడికి రుచి లేదనీ, గోపాల్‌పూర్ దాకా వెళ్లి ఫోను చూసుకునేవాళ్లకి సముద్రం ఎందుకనీ రాస్తారు. ప్లాస్టిక్ ముగ్గుల మీద ఒక పేజీ నిండా రాశారు.

ఆ మార్గశిరంలో ఆవిడ జారిపడి కుడి మణికట్టుకి కట్టు పడింది. డైరీలో ఎడంచేత్తో రోజుకో వాక్యం, అదీ వంకరగా. దానికి ఆవిడ బాధపడలేదు. లక్ష్మీవారం వస్తోందన్నదే దిగులు. కాపురానికి వచ్చినది మొదలు మార్గశిర లక్ష్మీవారాల్లో తెల్లవారుతూనే గేటు నుంచి పూజగది దాకా బియ్యప్పిండితో అమ్మవారి పాదాలు వేసేది ఆవిడే. వేళ్లు ఇంట్లోకి తిరిగి ఉండాలి. ఆ పాదాలు లేకపోతే అమ్మ రాదని ఆవిడ నమ్మకం. కోడలు నాగశ్రీ చూస్తే ఆ వారం పూజకు దూరంగా ఉంది.

బుధవారం సాయంత్రం నాగశ్రీ బజారు నుంచి అంటించే పాదాలు కొనుక్కొచ్చింది.

"అత్తయ్యా, ఈ ఏడుకి ఇయ్యి అంటించేద్దాం."

"అంటించిన పాదాలు నడుస్తాయేటే?"

"మీరు ఏసినవి నడుస్తున్నాయేటి? ఎడంసేత్తో ఎయ్యకూడదంటారు, అంటించకూడదంటారు. అయితే అమ్మోరిని ఆటోలో రమ్మని సెప్పండి."

వాసవీకుమారి నవ్వలేదు. "ఈ ఏడు రాదులే" అని లోపలికి వెళ్లిపోయారు.

ఈ మాటలు జరుగుతున్నప్పుడు దాలయ్య ఇస్త్రీ బట్టలు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఎదురుగా రోడ్డు వారన బండి పెట్టుకుని ఇస్త్రీ చేసే ముసలాయన. బట్టలు అందించి వెళ్లాడు.

లక్ష్మీవారం తెల్లవారుజామున కొడుకు హేమచంద్ర పూజగదిలో దీపం పెట్టాడు. వాసవీకుమారి వీధి తలుపు తీశారు. తీసి అలాగే నిలబడిపోయారు.

మెట్ల నుంచి గేటు దాకా తెల్లటి పాదాలు. ఇంకా తడి ఆరలేదు. ఒకటి పసిపిల్ల పాదమంత, పక్కది పెద్దమనిషి పాదమంత. మంచులో అవి నేలకి కాస్త పైన ఉన్నట్టు కనిపించాయి. ఆవిడ ఎడంచెయ్యి తనంతట తనే గుండెల మీదికి పోయింది.

వెనకనుంచి నాగశ్రీ తొంగిచూసింది. "అత్తయ్యా, వేళ్లు సూశారా?"

వేళ్లన్నీ గేటువైపు ఉన్నాయి. అమ్మ ఇల్లు వదిలి వెళ్లిపోతున్నట్టు.

"ఎవులూ సూడకముందే కడిగేస్తాను" అంది నాగశ్రీ, గొంతు తగ్గించి.

"ఉండు."

గేటు అవతల దాలయ్య నిలబడి ఉన్నాడు. వేళ్లకి పిండి.

"ఏటి దాలయ్యా ఇది?" అన్నారావిడ.

"నానేనమ్మా. బట్టల గంజికి ఉంచిన బియ్యప్పిండి. తానం సేసే కలిపినాను."

"వేళ్లు ఇంట్లోకి ఉండాల గదయ్యా."

"ఇంట్లోకా?" దాలయ్య తికమకపడ్డాడు. "మా ఇంట్లో అమ్మోరి పటముందమ్మా. దండం ఎట్టుకుంటే ఆ తల్లి కాలివేళ్లు నాయేపే ఉంటాయి. నాను మీ గుమ్మానికి ఎదురుగా కూకుని ఏసినాను. తల్లి లోపలే ఉంది, మనయేపు సూస్తంది అనుకున్నాను."

వాసవీకుమారి మెట్లు దిగారు. పాదాల మీద అడుగు పడకుండా పక్కనుంచి నడిచి, గేటు దాటి, దాలయ్య పక్కన నిలబడి వెనక్కి తిరిగారు. ఇన్నేళ్లలో ఏ మార్గశిర లక్ష్మీవారమూ ఆవిడ పూజవేళ గేటు బయట నిలబడలేదు. తెరిచిన తలుపులోంచి, నడవా చివర, దీపం కనిపించింది. ఆ దీపం దగ్గరనుంచి బయల్దేరినట్టు పాదాలన్నీ తనకేసే వస్తున్నాయి. ఆవిడకి కళ్లు తుడుచుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు.

పూజయ్యాక ఆవిడ ఎడంచేత్తో ఆకుదొన్నెలోకి పాయసం వంచుకున్నారు. ఆ రోజు ప్రసాదం ఇంటివాళ్లే తినాలి. పెళ్లయి వెళ్లిన కూతురికైనా పెట్టరు.

"అత్తయ్యా, ఇవాళ పెసాదం గడప దాటకూడదని మీరే గదా సెప్తారు?"

"అమ్మే దాటింది గదే."

నాగశ్రీ చెంబుతో మంచినీళ్లు పట్టుకుని అత్తగారి వెనకే బయల్దేరింది.

దాలయ్య ఇస్త్రీ బండి దగ్గరే నిలబడి పాయసం తిన్నాడు. దొన్నె కళ్లకద్దుకుని, "వచ్చే లక్ష్మీవారం సరిగ్గా తిప్పి ఏస్తానమ్మా" అన్నాడు.

"ఒద్దు. నీకు ఎలాగ అగుపిస్తే అలాగే ఎయ్యి."

మర్నాడు పొద్దున వాసవీకుమారి డైరీ తెరిచి ఎడంచేత్తో 'దాలయ్య' అని రాశారు. ఆ తరవాత ఏం రాయాలో తోచలేదు. కిటికీలోంచి చూస్తే, సగం చెరిగిపోయిన పాదాలు ఇంకా గేటుకేసి నడుస్తూనే ఉన్నాయి. కాఫీ చల్లారిపోయింది.