గట్టు దాటి నడిచిన గఫూర్ సాబ్

గఫూర్ సాబ్ ఇక లేరన్న వార్త బోధన్ బస్‌స్టాండులో మా డ్రైవర్ నోట విన్నాను. ఎవరు చెప్పారని అడిగాను. చెప్పినవాణ్ణీ, ఆ పక్కనున్న మరొకరినీ అడిగాను. ముగ్గురికీ ఆ మాట ఒక్క మనిషి ద్వారానే చేరిందని తేలినప్పుడు మనసు మూర్ఖంగా ఆశపడింది. నిజామాబాద్‌లో ఆయన ఇంటి ముందు విడిచిన చెప్పుల వరుస చూశాకే నమ్మాను. మాట మూలం వెతికే ఈ అలవాటు నాకు అంటించినది ఆయనే.

సంతాపసభలో తొమ్మిదిమంది ఆయనను కోపమెరుగని శాంతమూర్తిగా కీర్తించారు. మొదటి వక్త అన్న మాటను తక్కిన ఎనిమిదిమంది అందుకున్నారంతే. అది తొమ్మిది సాక్ష్యాల బలం గల సత్యం కాదు. గఫూర్ సాబ్‌కు కోపం వచ్చేది. మా చెరకు పరీక్షా కేంద్రంలో గణాంక విభాగాధిపతిగా ఆయన పనిచేసిన కాలమంతా ఆ కోపానికి కారణం ఒక్కటే, దాన్ని మొదట రేపినవాణ్ణి నేనే.

ఏ తోట పక్వానికి వచ్చిందో పరీక్షించి, ఏది ముందు కోయాలో ఆ కోత వంతు నిర్ణయించే సంఘానికి నివేదించడం మా కేంద్రం బాధ్యత. తోటకు పది గడలు విరవాలి. రసంలోని తీపిని గాజు పరికరంతో కొలవాలి. ఆకు చేతులు కోస్తుందనీ, లోపల పాములుంటాయనీ మావాళ్ళు గట్టు మీదే నిలబడి చేతికందిన ఒకే దుబ్బులో పది గడలు విరిచేవారు. నిజాంసాగర్ కాలువ చివరి ఊళ్ళో రాజవ్వ అనే రైతు తోటకు అలాగే జరిగింది. ఆ పది అంకెలూ దాదాపు ఒకేలా ఉన్నాయి. నేను సగటు కట్టి, దోషపరిమితిని మూడు దశాంశ స్థానాల వరకు లెక్కించి, తోట పచ్చిదని సంతకం చేశాను. విశ్వవిద్యాలయం నుంచి అప్పుడే వచ్చినవాణ్ణి. ఆ మూడు స్థానాలు నాకెంతో ముద్దుగా ఉన్నాయి.

సాబ్ ఆ కాగితాన్ని నా బల్ల మీదికి విసిరారు.

"పది గడలకు వేరు ఒక్కటే. ఒక్కదాన్నే పదిసార్లు అడిగి పదిమంది చెప్పిండ్రని రాస్తవా?"

స్వతంత్ర పరిశీలన అన్న మాటకు పుస్తకంలోని నిర్వచనం నాకు కంఠస్థమే. ఒక గడ తీపి తెలిసినంత మాత్రాన రెండో గడ తీపి గురించి కొత్తగా ఏమీ తెలియకూడదన్న దాని అర్థం మాత్రం ఆనాడే బోధపడింది.

ఆయన నన్ను వెంటబెట్టుకుని స్వయంగా ఆ తోటకు బయలుదేరారు. వాకిట్లో రాజవ్వ నన్ను ఎగాదిగా చూసి సాబ్‌తో అన్నది: "గీ సారుకు పాములంటె భయమట. మా తోట్ల పాములు గూడ సదువుకున్నోళ్ళను సూసి పక్కకు జరుగుతయని చెప్పుండ్రి."

సాబ్ నవ్వి ఆమెను రెండు కుండలడిగారు. ఒకదానిలో చెరకు వరుసల సంఖ్యలు, రెండోదానిలో అడుగుల సంఖ్యలు రాసిన చిట్టీలు వేశారు. చిట్టీ తీయడం, చదవడం, తిరిగి వేసి కుదపడం, ఆ అడుగు వరకు ఆకుల్ని చీల్చుకుంటూ నడవడం, ఒకే ఒక గడతో రావడం. పది పర్యాయాలు. ఆయనకు మోచేతుల దాకా గీతలు పడ్డాయి. గట్టుపక్క గడలు కాలువ ఊటతో నీరు తాగి పచ్చిగా ఉన్నాయి. నీరందని నడితోట ముందే పండింది.

పుస్తకం కోరినట్టు ఒకే విభాజనం నుంచి, అంటే ఒకే మూలసమూహం నుంచి, రావాలంటే అంకెలన్నీ ఒకటే కావాలా అని దారిలో అడిగాను. సాబ్ విసుక్కున్నారు. "కుండ ఒకటి కావాలె. చిట్టీ మీది రాత ఒకటి కావాల్నని ఎవరన్నరు?" మరుసటి వారమే నేను అత్యుత్సాహంతో కొత్త నాట్లనూ, మోడు నుంచి మళ్ళీ మొలిచిన తోటలనూ కలిపి ఒకే సగటు కట్టినప్పుడు, ఈసారి కుండే మార్చావని ఎత్తిపొడిచారు.

తోట పండిందన్న సాబ్ నివేదికను సంఘం తిరస్కరించింది. కారణం విని నేను చాలా రోజులు నిద్రపోలేదు. గట్టు మీది అంకెలు ఒకదానితో ఒకటి ఏకీభవిస్తున్నాయట, సాబ్ అంకెలు చెదిరి ఉన్నాయట, కనుక మొదటివే కచ్చితమైనవట. ఒకే దుబ్బు గడలు పరస్పరం ఎలా విభేదిస్తాయని ఆయన నిలదీశారు. నా మూడు దశాంశ స్థానాలనే వారు ఆయనకు వ్యతిరేకంగా చూపారు. రాజవ్వ వంతు చివరికి పోయింది. కోత నాటికి గడలు రసమింకి బెండు పడ్డాయి. బండ్లు కదులుతుంటే ఆమె నా ఎదురుగానే సాబ్‌తో అన్నది: "మీరు లోపలికచ్చిండ్రు సాబ్. కాయితం రాలే."

చిట్టీల పద్ధతిని నియమం చేయాలని ఆయన ఏటా రాశారు. ఏటా అది అదే మడతలతో తిరిగివచ్చింది. ఇప్పుడు పరీక్షాశాలలో ఆయన చిత్రపటం పెట్టాలని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ ఏకగ్రీవం గురించి సాబ్ ఏమనేవారో నాకు తెలుసు. పటం పెట్టకపోయినా ఫర్వాలేదు, గట్టు దిగండని ఆ సభలో కోరాను. ఈ సంవత్సరానికి పాత పద్ధతే కానిద్దామన్నారు.

రాజవ్వ తోట మీద నేను చేసిన తొలి సంతకం తప్పు. అది ఆయన బతికుండగానే బహిరంగంగా చెప్పవలసిన మాట. ఈ వ్యాసంలో చెబుతున్నాను.

నిన్న ఆయన చేతిరాతలోని చిట్టీలతో అదే తోటలోకి వెళ్ళాను. రాజవ్వ కుండలు తెచ్చి అరుగు మీద పెట్టింది. ఆమె వంతు మళ్ళీ చివరనే ఉంది. నా నివేదికను సంఘం చదువుతుందన్న నమ్మకం నాకు లేదు. పది గడలు, పది వేర్లు. అంకెలు ఉండవలసినంత చెల్లాచెదురుగా వచ్చాయి. కాగితం పట్టుకుని అలవాటుగా నిజామాబాద్ బస్సెక్కాను. సగం దారిలో గుర్తుకొచ్చింది, చూపించడానికి అక్కడ ఎవరూ లేరని.