మా మేనత్త రెండు గాలాలు

నా చిన్నప్పుడు మా మేనత్త గాలం కర్రను ఒక పెద్దమనిషి నలుగురూ చూస్తుండగా మోకాలికి ఆనించి విరిచేశాడు. అక్కడి నుంచి మొదలుపెడితే తప్ప, ఇప్పుడు నా పెరట్లో బీన్స్ తీగ ఒక కొత్త చేపల రాడ్‌ను పట్టుకుని ఎందుకు పాకుతోందో ఎవరికీ అర్థం కాదు. చర్చిలో అందరూ అడుగుతున్నారు. అందుకే రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక, నా పిల్లలు వదిలేసిన పలకల మీద. వంకరటింకరగా ఉన్నా ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మాది కృష్ణ కాలువల కింద ఊరు. మేనత్తకు మొగుడు పోయాడు, పిల్లలు లేరు, మా ఇంటి పక్క పాకలో ఉండేది. పగలంతా పొలం పని, పొద్దు వాలాక కాలువ గట్టున గాలం. కర్ర తనే కోసుకొచ్చేది. వానాకాలమంతా దాన్ని పొయ్యి పైన కట్టి పొగ పట్టించేది. పొగ పట్టిన వెదురు వంగుతుంది గానీ విరగదనేది. మనిషి మోకాలి సంగతి అప్పటికి ఆమెకు తెలియదు.

ఊరి చెరువును వేలంపాటలో పాడుకున్నాయన ఒకడుండేవాడు. చెరువులో చేపలు ఆయనవి, నిజమే. కానీ తూముకు ఇవతలి కాలువ అందరిదీ. అది ఆయనకూ తెలుసు. తెలిసే ఒక సాయంత్రం వచ్చి, అత్త చేతిలోంచి కర్ర లాక్కున్నాడు. "ఆడదానివి, నీకు గాలమేంటే? ఇంటికి పోయి కూర వండుకో" అన్నాడు. కర్ర విరిచాడు. బుట్టలో ఉన్న నాలుగు పరిగ చేపలనూ బురదలోకి తన్నాడు. గట్టు మీదున్న మగవాళ్ళు నవ్వారు. కొందరు నవ్వలేదు, కానీ మాట్లాడనూ లేదు.

అత్త ముక్కలు ఏరుకుని ఇంటికి నడిచింది. నేను వెనకాల ఏడుస్తూ నడిచాను. ఒక్క తిట్టైనా తిట్టలేదేం అని నాకు ఆమె మీదే కోపం వచ్చింది. అడిగాను కూడా. "చలి రానీవే" అంది. అంతే. ఆ తర్వాత నెలల తరబడి ఆ సంగతే ఎత్తలేదు. ఆయన ఎదురైతే పక్కకు జరిగి దారి ఇచ్చేది. భయపడిపోయిందనుకున్నాను.

డిసెంబరు చలి వచ్చింది. ఆయన ఇంట్లో ఏదో శుభకార్యం, బండ్ల మీద బంధువులు దిగారు. మా చెరువు శీలావతి చేప తినిపిస్తానని ఆయన ముందే గొప్పలు చెప్పి ఉన్నాడు. చెరువులో వల వేయిస్తే నాచు వచ్చింది. చలికి చేపలన్నీ తూము ముందరి లోతు మడుగులోకి దిగిపోయాయి. ఆ మడుగులో వల దిగదు, ఎందుకంటే దొంగలు వల వేయకుండా అందులో ముళ్ళకంప వేయించింది ఆయనే. ఇక గాలం ఒక్కటే గతి. ఊళ్ళో మంచి గాలాలు ఎవరి దగ్గరున్నాయో ఆయనకు తెలుసు.

సిగ్గు లేకుండా అత్త గుమ్మంలోకి వచ్చాడు. "ఒక్క పూటకి గాలం ఇవ్వవే" అన్నాడు. అత్త లోపలికి వెళ్ళి రెండు గాలాలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఒకటి లావుపాటి గట్టి వెదురు, ఆముదం రాసి రాసి అద్దంలా మెరుస్తోంది. దానికి బంకనీళ్ళలో ముంచి ఆరబెట్టిన దట్టమైన దారం, ఎద్దుకు పలుపు కట్టినట్టుంది. రెండోది సన్నటి కర్ర, నల్లగా పొగచూరి, కొస పక్కకు వంగి ఉంది. దాని దారం అత్త తన పెళ్ళిచీర పట్టులోంచి పీకి పేనింది. నీళ్ళు తగిలితే మెత్తగా జారిపోతుంది.

"మీ ఇష్టం అయ్యగారూ, మీకు ఏది కావాలో అది తీసుకోండి" అంది.

నువ్వు దేనితో పడతావు అని ఆయన అడగాలి కదా? అడగలేదు. లావుదాన్ని చేతిలోకి తీసుకుని గాల్లో ఝాడించి, "కర్రంటే ఇదీ!" అన్నాడు. అత్త కళ్ళు దించుకుంది. ఆ కర్రను ఆమె కాలువకు తీసుకెళ్ళగా నేను ఎన్నడూ చూడలేదు. అప్పుడు తెలిసింది నాకు, ఆ నెలలన్నీ ఆమె దానికి ఆముదం ఎందుకు రాస్తోందో.

బంధువులంతా గట్టు మీద కూర్చున్నారు. ఆయన గాలం వేశాడు. బంక పట్టిన దారం చలికి బిర్రబిగిసి, చుట్టలు చుట్టలుగా నీళ్ళ మీదే నిలబడింది. ఎర అడుగుకు పోతే కదా! ఎప్పుడో ఒకసారి దిగినా, చలిలో చేప మెత్తగా నోట పెట్టుకున్నది ఆ గట్టి కర్ర ఆయన చేతికి చెప్పలేదు. చెప్పేసరికి ఆయన గుంజేవాడు. దారం కొస పుటుక్కుమనేది.

అత్త నన్ను వెంటబెట్టుకుని ఎదురు గట్టున కూర్చుంది. వంకర కర్ర, పట్టుదారం. దారం చప్పుడు లేకుండా అడుగుకు దిగింది. కాసేపటికి కర్ర కొస గాలి తగిలినట్టు కదిలింది. అత్త ఎత్తింది. మోచెయ్యంత శీలావతి. ఆయన అటు నుంచి అరిచాడు.

"ఏయ్, అది నా చేపే!"

"మీదేనండీ అయ్యగారూ, నాకెందుకు? ఇదిగో, మీ చెరువులోనే ఉంచుకోండి!"

అని, గాలం ముల్లు తీసి, చేపను రెండు చేతులతో ఎత్తి అందరికీ చూపించి, మళ్ళీ నీళ్ళలోకి వదిలేసింది. ఇంకోటి పట్టింది. చూపించింది. వదిలింది. బంధువులు మొదట నోళ్ళు తెరిచారు, తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. ఆయన వియ్యంకుడైతే పొట్ట పట్టుకుని నవ్వాడు. దొంగతనమని కేకేయడానికి ఆయనకు వీల్లేదు, ఆమె బుట్ట ఖాళీ. ఆ పూట ఆయన ఇంట్లో గుమ్మడికాయ కూర వండారు.

దారిలో నేను ఏడ్చాను, పులుసు పోయిందని. అత్త నన్ను దగ్గరకు లాక్కుని చెప్పింది. "చలిలో చేపకు ఒళ్ళు బద్ధకమే పిచ్చిమొహమా. అది పైకి రాదు, మనమే కిందికి దిగాలి. మెత్తటి దారమే దిగుతుంది. మెత్తటి కర్రే చేతికి కబురు చెబుతుంది. అన్నీ తెలుసుననుకునేవాడికి ఎప్పుడూ గట్టి కర్రే నచ్చుతుంది. వాడికి అదే ఇవ్వాలి."

కొన్నాళ్ళకు మా గుమ్మంలో ఎవరో ఒక కొత్త వెదురు కర్ర పెట్టి పోయారు. ఎవరో ఏంటి, ఆయనే. తప్పయిందన్న మాట లేదు, కర్ర మాత్రం ఉంది. అత్త దాన్ని ముక్కలు చేసి పొయ్యిలో పెట్టింది. ఆ మంట దగ్గర మేమిద్దరం చేతులు చాపుకుని చలి కాచుకున్నాం. అంత వెచ్చగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

ఇక బాతెల్ సంగతి, అమెరికాలో ఇప్పుడు నేనుంటున్న ఊరు.

ఇక్కడికి వచ్చాక మా ఆయనకు ట్రౌట్ చేపల పిచ్చి పట్టింది. ఈకలతో చేసిన ఉత్తుత్తి పురుగును ఎరగా వేసి పట్టే పద్ధతి. మొదటి రాడ్ కొనేటప్పుడు షాపులో ఒక్కొక్కటీ నా చేతికిచ్చాడు. నేను కళ్ళు మూసుకుని ఊపి చూశాను. ఒకటి పిడి దాకా వంగి నెమ్మదిగా లేచింది, అచ్చం అత్త వంకర కర్ర. అదే కొనమన్నాను. ఏళ్ళ తరబడి చలికాలంలో కనుమ దాటి అవతలి ఏటికి వెళ్ళేవాళ్ళం. అక్కడ పట్టిన ట్రౌట్‌ను వదిలేయాలి, అది రూలు. ఇక్కడివాళ్ళు దాన్ని దయ అంటారు. నాకు మాత్రం మా అత్త గట్టు గుర్తొచ్చేది.

మా ఆయన పోయాడు. రాడ్ మిగిలింది. మా చర్చి బ్రదర్ ఒకాయన, పిల్లలందరికీ అంకుల్, ఒక్కసారి అని అడిగి పట్టుకెళ్ళి, కారు డోర్‌లో పెట్టి కొస విరగ్గొట్టి తెచ్చాడు. తలా ఒక వంట తెచ్చుకుని తినే పాట్‌లక్‌లో, అందరి ముందూ నా చేతికిచ్చాడు.

"సారీ చెప్పవా బాబూ?" అన్నాను.

"అయ్యో ఆంటీ, పాతదే కదా! ఆన్‌లైన్‌లో ఇంతకన్నా బెటర్‌వి వస్తాయి. లైట్ తీసుకోండి" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. పులిహోర వడ్డించుకుంటూ తనూ నవ్వాడు.

క్షమించాలని ప్రతి ఆదివారం వింటాను. వినడమైతే వింటాను. ఆ రోజు నేను ఇంటికి వచ్చి, విరిగిన చోట నున్నగా రాకి, గాలం దారం దూరే కొత్త రింగు పెట్టి, దారం చుట్టి జిగురు పూశాను. రాడ్ జానెడు పొట్టిదైంది. తర్వాత చలి కోసం ఎదురుచూశాను.

జనవరిలో చర్చి మగవాళ్ళంతా చేపలకు వెళ్దామని ఆయనే ఏర్పాటు చేశాడు. "ఆంటీ, మీకు ఎక్స్‌పీరియన్స్ కదా, షాప్‌కి వచ్చి సెలెక్ట్ చేసి పెట్టండి" అని ఫోన్ చేశాడు. వెళ్ళాను. రెండు రాడ్లు, రెండు లైన్లు, అంటే గాలం దారాలు, తీయించి కౌంటర్ మీద పెట్టాను. ఒక రాడ్ పొడుగ్గా, సన్నగా, మెత్తగా, రింగులు పెద్దవి. రింగుల్లో మంచు పేరుకుంటుంది కాబట్టి చలికి పెద్ద రింగులే మేలు. రెండోది గట్టిది, సముద్రం చేపల కోసం చేసింది, మెరిసిపోతోంది. లైన్లలో ఒకటి మాసిన ఆకుపచ్చ, చలిలోనూ మెత్తగా ఉండి కొస అడుగుకు దిగేది. రెండోది నారింజ రంగు, పెట్టె మీద నీలం సముద్రం, కొబ్బరిచెట్టు. దాని మీద ఇంగ్లీషులో ఏముందో నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. ట్రాపికల్. ఎండ దేశాల లైన్. ఎండకు కరగకుండా పైపూత గట్టిగా వేస్తారు, చలి తగిలితే ఇనుప తీగైపోతుంది.

"నీ ఇష్టం బాబూ. పెట్టె మీద ఏం రాశారో ఒకసారి చదువుకో" అన్నాను. అబద్ధం ఆడలేదు.

"చదివేదేముంది ఆంటీ, లైన్ లైనే! ఇదైతే హెవీ డ్యూటీ, పెద్ద చేపలకి" అని నారింజదీ గట్టి రాడ్డూ తీసుకున్నాడు. నేను కళ్ళు దించుకున్నాను.

చేపలుండే చోటు చూపించడానికి నేనూ వాళ్ళతో వెళ్ళాను. ఏటి ఒడ్డున మంచు. ఎండ కాస్త ఎక్కాక నీళ్ళలోకి దిగాం. ఆయన లైన్ రీలు మీద ఎలా చుట్టి ఉందో అలాగే స్ప్రింగులా బయటికొచ్చి నీళ్ళ మీద మెలికలు తిరిగింది. రింగుల్లో మంచు గడ్డలు. ఎప్పుడో చేప తగిలితే గుంజాడు, కొస తెగింది. మళ్ళీ కట్టడానికి వేళ్ళు పని చేయలేదు.

నేను ఆయనకు ఎదురుగా, నెమ్మదిగా పారే మడుగు దగ్గర నిలబడ్డాను. మా ఆయన రాడ్, దానికి నేను కొనుక్కున్న ఆ ఆకుపచ్చ లైన్. లైన్ దిగింది. కొస గాలి తగిలినట్టు కదిలింది. ట్రౌట్ ఒంటి మీద గులాబి చార. నీళ్ళలోనే పట్టుకుని, "బ్రదర్, చూశావా?" అని పిలిచి వదిలాను. మళ్ళీ పట్టాను, మళ్ళీ పిలిచాను. కాసేపటికి మిగతా మగవాళ్ళు గాలాలు వదిలేసి ఆయన్ని చూడటం మొదలుపెట్టారు. "అన్నా, నీది లైనా, టెలిఫోన్ వైరా?" అని ఒక కుర్రాడు అరిచాడు. ఏరంతా నవ్వింది.

ఆఖరికి వణుకుతూ నా దగ్గరకు వచ్చాడు. "ఆంటీ, మీ రాడ్ ఒక్కసారి ఇవ్వండి ప్లీజ్."

"ఇది పాతది కదా బాబూ! ఆన్‌లైన్‌లో ఇంతకన్నా బెటర్‌వి వస్తాయి. లైట్ తీసుకో" అన్నాను.

ఆయన ముఖం చూశాను. తృప్తిగా చూశాను. ఆ క్షణం మా ఆయన ఉంటే తిట్టేవాడేమో, మా అత్త ఉంటే మాత్రం నవ్వేది.

ఎండాకాలం ముందు ఆ బ్రదర్ మా ఇంటికి వచ్చాడు, రిబ్బన్ కట్టిన కొత్త రాడ్‌తో. "ఇదిగో ఆంటీ మీకు, బ్రాండ్ న్యూ. ఇంక ఫీల్ అవకండి" అన్నాడు. ఇప్పటికీ ఆ ఒక్క మాట రాలేదు నోట్లోంచి. వందనాలు చెప్పి రెండు చేతులా తీసుకున్నాను. వంచి చూశాను. గట్టిది.

ఇది పొయ్యిలో పెడితే కంపు కొడుతుంది. అందుకే పెరట్లో పాతాను. బీన్స్ తీగ చక్కగా అల్లుకుంది. ప్రార్థన కూటానికి వచ్చినప్పుడల్లా ఆయన దాన్ని చూస్తాడు, చూడనట్టు ఊరుకుంటాడు. వెళ్ళేటప్పుడు నేను ఆ తీగ నుంచే కాయలు కోసి, సంచిలో పోసి ఆయన చేతికిస్తాను. మా అత్త నాకు నేర్పింది నేను మరిచిపోలేదు. తప్పయిందని ఆయన అన్న రోజున ఆ రాడ్ పీకేస్తాను. అప్పటిదాకా బీన్స్ తింటాడు.